సైకిల్ చైను ఎప్పుడు మార్చాలి? ఒక టేపు చాలు

చైను తెగితేనో, నడిరోడ్డు మీద పదేపదే ఊడిపోతుంటేనో తప్ప మనలో చాలామంది దాని వైపు చూడరు. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది. బ్రేకు అరిగితే చేతికి తెలుస్తుంది. చైను అరుగుదల అలా బయటపడదు. బయటపడే సమయానికి అది వెనక ఫ్రీవీల్‌నీ, ముందున్న పళ్ళ చక్రాన్నీ కూడా తినేసి ఉంటుంది. చైనుతో పోవాల్సిన ఖర్చు మూడు భాగాలకు పెరుగుతుంది.

ఇది ఖరీదైన గేర్ల సైకిళ్ళు తొక్కేవారి గొడవ మాత్రమే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్ళలో సైకిల్ ఉంది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ తమ అధ్యయనంలో లెక్కగట్టారు. పశ్చిమ బెంగాల్ 2015లో సబూజ్ సాథీ పేరుతో ఇలాంటి పథకమే తెచ్చింది. సైకిల్ ఇచ్చే పథకాల గురించి చాలా మాట్లాడుకున్నాం. ఇచ్చిన సైకిల్ నాలుగేళ్ళు నడవాలంటే ఏం చేయాలన్నది మాత్రం ఆ పిల్లకూ, వీధి చివరి సైకిల్ షాపుకూ వదిలేశాం.

చైను 'సాగింది' అంటుంటారు. మాట వాడుకలో స్థిరపడిపోయింది కానీ అది నిజం కాదు. మనం తొక్కే బలానికి ఉక్కు ప్లేట్లు సాగవు. చైనులో ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాటిని కలిపేది పిన్ను. చైను పళ్ళ చక్రం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ప్రతి కీలు దగ్గరా లింకు ఆ పిన్ను మీద కొద్దిగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రెండు ఉక్కు ఉపరితలాలు రాసుకుంటాయి. పిన్ను ఒకవైపు సన్నబడుతుంది, దాన్ని పట్టుకున్న రంధ్రం పెద్దదవుతుంది. అంతే. అలా ఒక్కో కీలు దగ్గర ఏర్పడే ఖాళీ చాలా చిన్నది. చైను అర శాతం పొడవు పెరిగిందంటే ఒక్కో కీలు వాటా మిల్లీమీటరులో నూటికి ఆరు వంతులు, సుమారుగా ఒక తలవెంట్రుక మందం. కానీ మామూలు సైకిల్ చైనులో ఇలాంటి కీళ్ళు 112 దాకా ఉంటాయి. అన్నీ కలిస్తే ఏడు మిల్లీమీటర్లు.

స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్, రోలర్ ఉన్న చైనును రూపొందించాడు. పిన్ను నేరుగా పలుచని ప్లేటు అంచు మీద రాసుకోకుండా చిన్న గొట్టంలో తిరిగేలా చేయడమే అందులో తెలివి. రాపిడి ఎక్కువ వైశాల్యం మీదికి పంచుకుపోవడంతో చైను ఆయుష్షు పెరిగింది. ఆ తర్వాత అయిదేళ్ళకు వచ్చిన రోవర్ సేఫ్టీ సైకిల్, అంటే ఈనాటి సైకిల్‌కు తాత లాంటిది, వెనక చక్రాన్ని చైనుతోనే తిప్పింది. చైను సూత్రం ఈరోజుకీ అదే. అది అరిగే చోటూ అదే.

పొడవు పెరిగితే ఏమవుతుంది? రెండు పిన్నుల మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉండాలి. చక్రం మీద పళ్ళ మధ్య దూరం కూడా దానికి తగ్గట్టే కోసి ఉంటుంది. చైను కొత్తగా ఉన్నప్పుడు బరువును చాలా పళ్ళు పంచుకుంటాయి. దూరం పెరిగిన చైను పళ్ళ మధ్య గుంటలో కుదురుగా కూర్చోదు, పైకి జరిగి పంటి కొన వైపు ఆనుతుంది. బరువు తక్కువ పళ్ళ మీద పడుతుంది. క్రమంగా పళ్ళు ఒకవైపు కోసుకుపోయి కొక్కేల్లా వంగిన ఆకారానికి వస్తాయి.

చాలామందిని తికమక పెట్టేది ఇక్కడే. అరిగిన చైను, అరిగిన పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడిపోయి బాగానే నడుస్తుంటాయి. అలాంటి సైకిల్‌కు కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా పళ్ళ మీద నుంచి టకటకమని జారుతుంది. షాపువాడు నాసిరకం చైను అంటగట్టాడని అనుకుంటాం. తప్పు కొత్త చైనుది కాదు, పాత పళ్ళది. ఈ జారడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వంతెన ఎక్కుతూ లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు చైను జారితే పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది, మనిషి ముందు కడ్డీ మీదో, పక్కన వస్తున్న బండి ముందో పడతాడు.

అందుకే కొలవాలి. వడ్రంగులు, మేస్త్రీలు వాడే ఉక్కు టేపు చాలు. దర్జీ టేపు వద్దు, అదే సాగుతుంది. పెడల్ మీద కొద్దిగా చెయ్యి ఆనించి పై చైను బిగుతుగా ఉండేలా చూడండి. టేపు కొస కొక్కెం కాస్త కదులుతుంది కాబట్టి సున్నా దగ్గర కాకుండా 100 మిల్లీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టడం మేలు. ఆ గీతను ఒక పిన్ను ఎడమ అంచుకు ఆనించి, అక్కడి నుంచి 24వ పిన్ను ఎడమ అంచు ఎక్కడుందో చూడండి. చైను కొత్తదైతే 405కు వెంట్రుకవాసి ముందు ఉంటుంది, అంటే సరిగ్గా 12 అంగుళాలు. 406 దాటి 406.5కు చేరువవుతుంటే అర శాతం అరిగినట్టు. 407 అంటే ముప్పావు శాతం. 408కి వచ్చిందంటే ఒక శాతం.

వెనక 11, 12 పళ్ళ చక్రాలున్న సైకిళ్ళకు అర శాతం దగ్గరే చైను మార్చేయాలి. వాటి క్యాసెట్ చైను కంటే చాలా ఖరీదు, పళ్ళు పలుచన. 8 నుంచి 10 గేర్ల వరకు ముప్పావు శాతం దాకా ఆగవచ్చు. గేర్లు లేని మామూలు సైకిల్‌కు ఒక శాతం హద్దు. పళ్ళు మందంగా ఉంటాయి, చైను పక్కలకు వంగే పని లేదు కనుక అంత వెసులుబాటు. టేపు లేకపోతే ముందు చక్రం మీద, హ్యాండిల్ వైపున్న చైనును వేళ్ళతో పట్టి ముందుకు లాగి చూడండి. పన్ను చాలావరకు బయటికి కనిపించేంతగా లేస్తే కొలిచే అవసరం కూడా లేదు.

చైను గేజ్ అనే చిన్న పనిముట్టు దొరుకుతుంది. చైనులో గుచ్చితే దిగితే అరిగినట్టు, దిగకపోతే లేనట్టు. సులువే. అయితే చాలా రకాలు రెండు రోలర్లను చెరోవైపుకు నెట్టి కొలుస్తాయి. రోలర్ల వదులు కూడా లెక్కలో కలిసి, ఉన్నదానికంటే ఎక్కువ అరుగుదల చూపిస్తాయి. నా మట్టుకు టేపు మీదే నమ్మకం ఎక్కువ. ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలన్న లెక్కల మీద అసలే లేదు. తారు రోడ్డు మీద చైను, ఎర్రమట్టి దారిలో చైను ఒకేలా అరగవు.

గేర్లు లేని సైకిళ్ళ విషయంలో మన షాపుల్లో ఇంకో అలవాటుంది. చైను వదులైతే వెనక చక్రాన్ని వెనక్కి జరిపి బిగిస్తారు. ఇక జరపడానికి చోటు లేకపోతే లింకులు తీసేస్తారు. వదులు పోతుంది, అరుగుదల పోదు. మిగిలిన ప్రతి కీలులోనూ ఆ ఖాళీ అలాగే ఉంటుంది. లోపలి లింకు, బయటి లింకు జతగానే తీయాలి కాబట్టి ఒక అంగుళం పోతుంది. 112 లింకుల చైనులో ఒక అంగుళం వదులు కేవలం అరుగుదల వల్లే వచ్చిందంటే అది ఒకటిన్నర శాతం ఎప్పుడో దాటేసింది. అంటే లింకు తీద్దామని మెకానిక్ అన్న రోజుకు చైను మార్చాల్సిన రోజు దాటి చాలాకాలమైంది.

అలాగని అప్పటికే పళ్ళు కూడా అరిగిపోయిన పాత సైకిల్‌కు చైను ఒక్కటే మార్చడం డబ్బు దండగ. అలాంటప్పుడు మూడూ కలిపి మార్చే స్తోమత వచ్చేదాకా నెట్టుకురావడంలో తప్పేమీ లేదు, జారడం మొదలుకానంత వరకు. కొత్త సైకిల్ ఉన్నవారికే కొలత వల్ల అసలు లాభం.

చైనుకు నూనె విషయంలో మనం చేసేది సగం మేలు, సగం కీడు. నూనె కావాల్సింది పిన్ను చుట్టూ, లోపల. బయట మెరిసే నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. నూనె, దుమ్ము కలిస్తే సానబట్టే ముద్ద తయారవుతుంది. మోటార్‌సైకిల్ నుంచి తీసిన నల్లటి ఇంజిన్ ఆయిల్ పోయడమైతే మరీ అన్యాయం, అందులో ఇంజిన్ అరిగిన లోహపు రజను ముందే ఉంటుంది. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగటగా మారుతుంది. గుడ్డతో చైను తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ పది చుట్లు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనెను మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేయాలి. చివరి తుడుపే ముఖ్యం, చాలామంది మానేసేదీ అదే. వానలో తడిసిన రోజు, సముద్రం దగ్గరి ఊళ్ళలోనైతే ఇంకా తరచుగా, ఈ పని చేయాలి. తుప్పు కూడా చైనును సానపట్టేదే. పాత సైకిళ్ళకు ఉండే నిండు చైను కవరును అందం చాలదని పీకేసేవారు, చైను ఆయుష్షును కూడా దాంతోపాటే పీకేస్తున్నారు.

కొత్త చైను వేయించుకున్నాక షాపు వదిలే ముందు ఒక్కటి చూసుకోండి. గేర్లు లేని సైకిల్ చైను రెండు కొసలను కలిపే లాక్ లింకు మీద చేప ఆకారంలో ఒక క్లిప్పు ఉంటుంది. దాని మూసి ఉన్న కొస చైను కదిలే దిక్కుకు ఉండాలి, చీలిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే కవరుకో, దారిలో గడ్డికో తగిలి క్లిప్పు ఊడి వచ్చేస్తుంది.