గిటారుకు రంగు వేసేవారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మన సంఘాల్లోని యువకులకు గిటారు మీద ఎంతో ఆసక్తి ఉంది. ఎలక్ట్రిక్ గిటారును విడిభాగాల కిట్‌గా తెప్పించుకొని, రంగు వేసి, ఇంట్లోనే బిగించుకోవచ్చు. ఇది మంచి పనే. అయితే ఈ పనిలో చెక్క పొడి, స్పిరిట్, థిన్నర్ అనే మూడింటితో ఊపిరితిత్తులకు, కళ్ళకు, ఇంట్లోని పసిపిల్లలకు ప్రమాదం ఉంది. అందుకే పని చేసే పద్ధతిని, దానితోపాటు జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట చెక్కను సిద్ధం చేయడం

చెక్క మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ఇంకిపోతే చెక్క రంగు పీలుస్తుంది. ముత్యంలా నిలిచిపోతే కంపెనీవారు ముందే పూత వేశారని అర్థం. ఆ పూతను, అంటుకున్న జిగురు మరకలను పూర్తిగా తీసివేయాలి. 120 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 180, 240 వరకు చెక్క గీత వెంబడే రుద్దండి. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే చెక్క పీచు పైకి లేస్తుంది. ఆరిన తర్వాత మరోసారి మెల్లగా రుద్దాలి.

చెక్క పొడిని చిన్నచూపు చూడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో దీనిని క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఆ ముప్పు ముఖ్యంగా ఏళ్ళ తరబడి ఈ పనిలోనే ఉండేవారికి. కానీ ఆస్తమా ఉన్నవారికి ఒక్క గంట పని కూడా ఆయాసం తెప్పించగలదు. ఎన్95 మాస్కు పెట్టుకొని ఆరుబయట రుద్దండి. పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తీయండి.

రంగు, లక్క పాలిష్

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల గురించి మీరు వినే ఉంటారు. అక్కడి కళాకారులు లక్కలో రంగు కలిపి, తిరుగుతున్న అంకుడు కర్రకు ఆ లక్కను అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. థిన్నర్ అవసరమే ఉండదు. చెట్ల నుండి తీసిన రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది.

గిటారు చెక్క అలా తిరగదు కాబట్టి, అదే లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూయాలి. మన వడ్రంగులు దీన్నే స్పిరిట్ పాలిష్ అంటారు. దీని కింద నీటిలో కలిపే రంగు వేయడం మేలు. స్పిరిట్ రంగు వేస్తే పాలిష్ పూసేటప్పుడు అది కరిగి చెదిరిపోతుంది. పసుపు అందంగా ఉంటుంది గాని ఎండకు వెలిసిపోతుంది. మెడ వచ్చి కూర్చునే గుంటకు, తీగల కింద ఉండే లోహపు మెట్లకు టేపు అంటించండి. ఒక్కసారే మందంగా పూయకుండా పలుచగా అనేకసార్లు పూసి, ప్రతిసారీ బాగా ఆరనివ్వండి. వానాకాలం తేమలో లక్క తెల్లబారుతుంది కనుక పొడి రోజు చూసుకోండి. ఎండిన లక్క హానికరం కాదు, మాత్రల పైపూతకు కూడా వాడతారు. కాని స్పిరిట్‌కు మళ్ళీ కరుగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకున్న వెంటనే గిటారు పట్టుకోవద్దు.

తలుపులు తీసి ఉంచండి

ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది గాని థిన్నర్ ఆవిరిని ఆపదు. తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే బయటి గాలిలోకి రండి. ఈ ఆవిరి గాలికంటే బరువు. నేల వెంబడి పాకి, దూరంలో ఉన్న పొయ్యిని, కొవ్వొత్తిని అందుకోగలదు. గర్భిణీ స్త్రీలు, పసిపిల్లలు ఆ గదిలో ఉండరాదు. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే పీయూ పూతలో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. వాటివల్ల కొత్తగా ఆస్తమా రావచ్చు. కనుక ఆ పని ఇంట్లో చేయవద్దు.

అవిసె నూనెతో తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్ళలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

ప్రమాదం జరిగితే

థిన్నర్‌ను, స్పిరిట్‌ను ఎన్నడూ కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. పిల్లలు నీళ్ళనుకొని తాగుతారు. ఒకవేళ తాగితే వాంతి చేయించవద్దు. వాంతిలో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పాలిష్ స్పిరిట్‌లో మిథనాల్ ఉండవచ్చు. అది చూపును, ప్రాణాన్ని తీయగల విషం. తాగిన చాలా గంటల వరకు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. "బాగానే ఉన్నాడు కదా" అని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ సీసాను కూడా వెంట తీసుకురండి. డాక్టరు గారికి అదే మొదటి ఆధారం.

కంట్లో పడితే శుభ్రమైన నీటి ధారతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి రండి. చేతికంటిన రంగును థిన్నర్‌తో, కిరోసిన్‌తో కాక సబ్బుతోనే కడుక్కోండి. కొద్దిగా మరక మిగిలినా నాలుగు రోజుల్లో అదే పోతుంది.