బొగ్గు ట్యాంకుకూ ఓ హాజరు పట్టీ

జూన్‌లో బడి తెరిచిన రెండో రోజు. మూడో తరగతి పాప గ్లాసు పట్టుకుని వచ్చి, "మిస్, నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన కొడతా ఉండాయి" అంది. తాగి చూశాం. నిజమే.

హోసూరు దగ్గర ఉన్న మా తెలుగు బడిలో ఆ ఫిల్టరును పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని పెట్టించారు. ముందు ఇసుక ట్యాంకు, దాని తర్వాత కార్బన్ ట్యాంకు. పెట్టించిన రోజున కొబ్బరికాయ కొట్టాం, ఫొటో దిగాం. ఆ తర్వాత దానివైపు చూసినవాళ్లం లేం. వేసవి సెలవులంతా ట్యాంకులో నీళ్లు కదలకుండా నిలిచిపోయాయి. మెకానిక్ వచ్చి మూత తీస్తే లోపలి బొగ్గు జిగటపట్టి ముద్దయింది. తప్పు కంపెనీది కాదు, మాదే.

ఆ బొగ్గు చేసే పని

కార్బన్ ట్యాంకులో ఉండేది పొయ్యి బొగ్గు కాదు. ఎక్కువగా కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరితో మరింత వేడిచేసి తయారుచేసే ఉత్తేజిత బొగ్గు. దాని రేణువుల్లో కంటికి కనిపించని లక్షల రంధ్రాలుంటాయి. క్లోరిన్‌ను, వాసనను, రంగును అది పట్టేస్తుంది. ఆర్వో యంత్రం ఉన్న బడుల్లో ఈ బొగ్గే క్లోరిన్‌ను ఆపి, లోపలి పొర పాడవకుండా కాపాడుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. క్రిములను చంపే క్లోరిన్ ట్యాంకు మొదట్లోనే ఖర్చయిపోతుంది. పట్టిన మురికి మేతగా, ఆ రంధ్రాలే ఇళ్లుగా బ్యాక్టీరియా పెరుగుతుంది. "కాస్త బ్లీచింగ్ పోస్తే పోతుంది" అని మేమూ అనుకున్నాం. పోదు. పోసిన క్లోరిన్‌నూ బొగ్గే మింగేస్తుంది. వాసన పట్టిన బొగ్గును మార్చడం ఒక్కటే దారి.

మేము పాటిస్తున్న పద్ధతి

వారానికి ఒకసారి, శనివారం పిల్లలు వెళ్లాక, బ్యాక్‌వాష్ చేస్తున్నాం. అంటే నీటిని కింది నుంచి పైకి ఎదురు పంపి మురికిని బయటికి తోయడం. ముందు ఇసుక ట్యాంకు, తర్వాతే కార్బన్ ట్యాంకు. మోటారు ఆపకుండా వాల్వు పిడి తిప్పకూడదు. తిప్పితే లోపలి రబ్బరు తెగుతుంది. పది పదిహేను నిమిషాలు, బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా వదలాలి. ఆ తర్వాత పిడిని రిన్స్ మీద పెట్టి అయిదు నిమిషాలు నీళ్లు పారబోసి, అప్పుడు ఫిల్టర్ మీదికి తేవాలి.

త్రైమాసిక సెలవులకో, సంక్రాంతికో బడి మూసే రోజున బ్యాక్‌వాష్ తప్పదు. తెరిచే ముందు రోజు మళ్లీ చేసి, ఆ రోజు నీళ్లన్నీ తోటకే పోస్తాం.

బొగ్గు పని అయిపోయిందా లేదా అన్నది కంటికి తెలియదు. మా పైట్యాంకులో బ్లీచింగ్ కలుపుతాం కాబట్టి క్లోరిన్ పరీక్ష చుక్కలు వాడుతున్నాం. ఫిల్టరుకు ముందు పట్టిన నీరు పసుపు తిరగాలి, తర్వాత పట్టిన నీరు తిరగకూడదు. తిరిగిందంటే బొగ్గుకు కాలం తీరినట్టే. సాధారణంగా ఏడాది, రెండేళ్లకు మార్చాల్సి వస్తుంది. కొత్త బొగ్గు వేశాక నల్లని నలుసు పోయేదాకా కడగాలి. పరీక్ష చేసిన నీళ్లు తాగకూడదు. ట్యాంకు మూత తీసి తల లోపల పెట్టకూడదు. తడి బొగ్గు లోపలి గాలిలో ప్రాణవాయువును పీల్చేస్తుంది.

క్రిముల సంగతి వేరుగా చూసుకోవాలి. ఫిల్టరు తర్వాత అతినీలలోహిత దీపం ఉంటే మేలు, లేకుంటే కాచి చల్లార్చిన నీళ్లే. పరీక్ష సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నల్లబడిన నీరు తాగడానికి పనికిరాదని అర్థం.

బొగ్గు వల్ల కానిది

కృష్ణగిరి, ధర్మపురి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని మనకందరికీ తెలుసు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ఈ బొగ్గు ఫ్లోరైడ్‌ను గానీ, ఉప్పదనాన్ని గానీ తీయలేదు. "ఫిల్టరు ఉందిగా" అని బోరు నీళ్లకు పరీక్ష చేయించకుండా ఉండడం పొరపాటు.

గోడ మీద తెలుగులో

ఫిల్టరుతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అది బీరువాలో ఉండిపోయింది. పిడి తిప్పేది మా ఆయమ్మ. ఆమెకు వచ్చింది తెలుగు. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పద్ధతంతా తెలుగులో అట్ట మీద రాసి ట్యాంకు పక్కన తగిలించారు. పక్కనే ఒక నోటు పుస్తకం: తేదీ, చేసినవారి పేరు, నీటి వాసన, చుక్కల రంగు. పిల్లల హాజరు లాగే రోజూ చూస్తాం.

పిల్లల సంఖ్య తగ్గుతున్న మన బడుల్లో "అక్కడ నీళ్లు బాగుండవు" అన్న మాట ఒక్కటి చాలు, ఇంకో నలుగురు వెళ్లిపోవడానికి. అమ్మా, అయ్యా, మీరు బడికి వచ్చినప్పుడు మార్కులతో పాటు ఆ నోటు పుస్తకమూ అడగండి. అడిగేవాళ్లుంటే రాసేవాళ్లం మరువం.