కింది పెదవిలో శనగగింజంత నీటిబుడగ

కింది పెదవి లోపలివైపు శనగగింజంత బుడగ, కాస్త నీలంగా. నొప్పి ఉండదు. పిల్లాడు పంటితో నొక్కుతాడు, చిట్లుతుంది, జిగట నీరు కారి అణిగిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే తేలుతుంది. దీని పేరు మ్యూకోసిల్. క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు.

మన నోటికి మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులున్నాయి. అవి కాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిట్లో 600 నుంచి 1,000 దాకా చిట్టి గ్రంథులు ఆవాలు చల్లినట్టు ఉంటాయి. పెదవి కొరుక్కునే అలవాటు వల్లో, ఆటలో దెబ్బ తగిలో వాటిలో ఒకదాని సన్నటి నాళం తెగితే ఊట బయటికి రాక లోపలే చేరుతుంది. సూదితో పొడిస్తే నీరు పోతుంది గానీ గ్రంథి ఎక్కడికి పోతుంది?

ఆ గ్రంథితో సహా తీసేయడమే వైద్యం. కత్తితో చేసినా, లేజర్‌తో చేసినా అంతే. దంత వైద్యశాలల్లో ఎక్కువగా కనిపించేది డయోడ్ లేజర్: 810, 940 లేదా 980 నానోమీటర్ల కాంతి, కంటికి కనబడదు. అందుకే పిల్లాడితో సహా గదిలో అందరికీ ప్రత్యేకమైన కళ్లద్దాలు పెడతారు. వాడే శక్తి సాధారణంగా ఒకటి రెండు వాట్లే. బెడ్‌లైటుకు కూడా అంత అవుతుంది! కాకపోతే ఇక్కడ అదంతా 0.4 మిల్లీమీటర్ల గాజుపోగు కొసకు చేరుతుంది. నిజానికి కోతలో సగం పని కాగిన ఆ కొసదే. అది కోస్తూనే చిన్న రక్తనాళాలను మూసేస్తుంది కాబట్టి రక్తం పెద్దగా రాదు, చాలాసార్లు కుట్లూ అక్కర్లేదు.

లేజరైతే ఇంజెక్షన్ ఉండదనుకోవడం మాత్రం పొరపాటు. మామూలుగా మత్తు సూది తప్పదు. అందులో వాడే మత్తుమందు లిగ్నోకెయిన్ పరిమితి కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు, 15 కిలోల పాపకు 66. రెండు శాతం మందులో అది 3.3 మిల్లీలీటర్లు. పెదవికి అందులో కొంచెం చాలు. అసలు జాగ్రత్త ఆ తర్వాతే: మత్తు దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, మొద్దుబారిన పెదవిని పిల్లలు నమిలేస్తారు. గాయంపై పసుపుతెలుపు పొర కడితే చీము అని కంగారు పడొద్దు. సుమారు రెండు వారాల్లో మానుతుంది.

లేజర్‌తో బుడగను మొత్తం ఆవిరి చేసేస్తే పరీక్షకు ఏమీ మిగలదు. తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో ల్యాబ్‌కు పంపుతున్నారా అని అడగండి. రిపోర్టులో లాలాజల గ్రంథి కూడా ఉందని రాస్తే, బయటికి వచ్చింది బుడగ ఒక్కటే కాదన్నమాట.