ఏడాదికని చెప్పి రెండేళ్లు: టీవీ కంపెనీతో కూలి ఇళ్ల తగవు

2023 వేసవిలో గుంటూరు మిరప పొలాల మీద బతికే ఒక వూళ్లో పదకొండు కూలి కుటుంబాలు ఒక టీవీ కంపెనీతో తగవుకు దిగాయి. ఇంటి మీద గొడుగు బిగించి, బాక్స్ పెట్టి ఛానెళ్లు ఇచ్చే కంపెనీ అది. ఏడాదికని చెప్పి డబ్బు కట్టించుకుంది. ఆ ఏడాది నిండే ముందు, ఇంటివాళ్లకు తెలియకుండానే, ఒప్పందాన్ని ఇంకో ఏడాదికి పొడిగించేసింది. తగవు దాదాపు ఐదు నెలలు నడిచింది. ఇలాంటి ఫిర్యాదులే చుట్టుపక్కల వూళ్ల నుంచి కూడా మా సంఘం దగ్గరికి వస్తున్నాయి గనక, జరిగిందంతా వరసగా చెప్పుకోవడం అవసరమనుకుంటున్నాం.

ముందుగా ఒక మాట. కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, రేషను కార్డులు వుండగా టీవీ గొడవ సంఘానికెందుకని కార్యకర్తల్లోనే ఒకరిద్దరు అడిగారు. కూలోళ్లకు టీవీ ఎందుకని అడిగే పెద్దమనుషులు వూళ్లో ఎటూ వున్నారు. పొద్దంతా మిరప కోసి, కళ్లు మండుతూ ఇంటికొచ్చిన మనిషి ఓ గంట సినిమా చూస్తే ఎవడి సొమ్ము పోయింది? ఆ సంగతి అలా వుంచినా, పోయిన డబ్బు చూడండి. ఒక్కో ఇంటికి 1,650 రూపాయలు. ఆ ఏడు ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో ప్రకటించిన కూలి రోజుకు 272 రూపాయలు. కొలతల్లో కోతపడి అంతా చేతికొచ్చేది కాదు. వచ్చిందనే అనుకున్నా, ఎండలో ఆరు రోజులు మట్టి తవ్వితే వచ్చే సొమ్ముకన్నా ఇది ఎక్కువ. మే నెలలో చేసిన పని డబ్బు జూన్‌లో ఖాతాలో పడింది. పడిన నాలుగో రోజున కంపెనీ తన వాటా లాక్కుంది. పిల్లల పుస్తకాలకని, ఇంటి కప్పు మీద పట్టాకని దాచుకున్న డబ్బు అది.

ఎలా తీసుకుంది? 2022 జూన్‌లో పక్క పట్నం నుంచి ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. గొడుగు, బాక్స్, ఏడాది ఛానెళ్లు కలిపి ఒకటే మొత్తం అన్నాడు. బాక్స్ మీ సొంతం అన్నాడు. కట్టినవాళ్లకు రశీదు ముక్క ఇచ్చాడు, ఫారం నకలు ఇవ్వలేదు. 2023 మే నెల గాలివానకు కొన్ని బాక్సులు పాడయ్యాయి. కంపెనీకి ఫోను చేస్తే అదే కుర్రవాడు వచ్చాడు. చెడినవాటితో పాటు బాగున్నవి కూడా మార్చాడు, కొత్త రకం వచ్చిందని. పోయేటప్పుడు, "పిన్నిగారూ, బాక్స్ మార్చినట్టు కంపెనీకి తెలియాలి, ఒక్క రూపాయి వేసి పిన్ కొట్టండి" అన్నాడు. ఒక్క రూపాయే కదా అని కొట్టారు. ఫోనుకు ఒక నంబరొస్తే అదీ చదివి చెప్పారు.

ఆ ఒక్క రూపాయితో రెండు పనులు జరిగాయి. ఒకటి, పన్నెండు నెలల కొత్త ఒప్పందానికి వాళ్లు సరేనన్నట్టు కంపెనీ లెక్కలో ఎక్కింది. రెండోది, ఖాతాలోంచి కంపెనీ తనంతట తానే డబ్బు తీసుకునే ఆటోపే ఏర్పాటైంది. ఎనిమిది ఇళ్లలో ఇలా జరిగింది. మిగతా మూడిళ్లలో మీటలు నొక్కే మామూలు ఫోన్లే. వాళ్ల దగ్గర వేరే దారి పట్టాడు. "మీ పేరున ఏడాదికి కట్టేశాం, నెలకు కొంత నాకివ్వండి" అని బాకీ అడగటం మొదలుపెట్టాడు.

మా పెద్దవాళ్లకు ఇలాంటి ఒప్పందాలు కొత్త కాదు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు గడువు తీరి వెళతానంటే, ఆసామి పాత చీటీ బయటికి తీసేవాడు. పెళ్లికి వాడినవి ఇన్ని, జబ్బుకు వాడినవి ఇన్ని, తీరేదాకా ఇంకో ఏడాది. 1976 చట్టం వచ్చాక కూడా ఆ వెట్టి ఒక్క రోజులో పోలేదు. టీవీ బాక్సును వెట్టిచాకిరీతో సమానం చేయడం అతి అవుతుంది, మేం ఆ మాట అనడం లేదు. గడువు పొడిగించే ఉపాయం మాత్రం ఆ ఇంటిదే. పని చేయించుకునేటప్పుడు ఒక మాట, కాగితం మీద ఇంకో మాట.

సంఘం ఆఫీసుకు మొదట వచ్చిన ఆమె అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నేను సంతకం పెట్టలేదు, వేలిముద్ర వెయ్యలేదు. ఏడాదికి ఒప్పుకున్నట్టు ఎట్టా అయింది?" తగవంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను చాలా సులువుగా చెబుతుంది. ఇద్దరు మనుషులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. ఆమె ఒప్పుకున్నది పాడైన బాక్సు మార్చడానికి. కంపెనీ రాసుకున్నది ఏడాది పొడిగింపు. రెండూ ఒకటి కాదు. పిన్ కొట్టడం నిజమే. దేనికి కొట్టిందన్నది అసలు సంగతి.

మొదట చేసిన పని ఆటోపే తీసేయడం. ఇందుకు కంపెనీని బతిమాలనక్కర లేదు. డబ్బులు పంపే యాప్‌లోనే ఆటోపే అనే చోట కంపెనీ పేరు కనిపిస్తుంది, అక్కడే రద్దు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలా తీసుకునే డబ్బు గురించి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు పంపాలి. పంపారు కూడా. ఇంగ్లీషులో. ఒక ఇంట్లో ఆ ఫోను హైదరాబాదులో మేస్త్రి పనికి పోయిన కొడుకు దగ్గర వుంది. చట్టం అమలైనట్టే, మనిషికి మాత్రం తెలియదు.

తర్వాత కంపెనీకి ఫోను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ పావుగంట తిప్పి, చివరికి మనిషి దొరికితే, "మీరు ఒప్పుకున్నట్టు మా దగ్గర వుందమ్మా" అన్నారు. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకున్నాం. ఈ నంబరు లేకుండా ఎన్నిసార్లు ఫోను చేసినా చేయనట్టే. ఫోనులో వాదించడం దండగ. అవతల కూర్చున్న పిల్ల కూడా నెల జీతానికి పనిచేసేదే. ఆమె చేతిలో ఏమీ లేదు, ఆమెను తిట్టి లాభం లేదు.

అసలు పని ఉత్తరంతో మొదలైంది. పదకొండు ఇళ్ల పేర్లతో, తెలుగులోనే రాశాం. డబ్బు తిరిగి ఇమ్మనడానికి ముందు ఒక్కటే అడిగాం: ఒప్పుకున్నట్టు చూపించండి. ఫారం నకలు ఏది? ఫోనులో ఆమెకు కనిపించిన మాటలు ఏ భాషలో వున్నాయి, అందులో ఏడాది అనే మాట వుందా? ఏ నంబరుకు కబురు పంపారు? ఫారం నకలు చందాదారుకు ఇవ్వాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో చేసిన నిబంధనల్లోనే వుంది. బాక్సును అమ్మారా, అద్దెకిచ్చారా అన్నది కూడా తేల్చమన్నాం. ఎందుకంటే కుర్రవాడు సొంతమన్నాడు, ఫోనులో మాత్రం మధ్యలో మానేస్తే బాక్స్ తిరిగివ్వాలన్నారు. ఈ కంపెనీలకు ప్రతి రాష్ట్రంలో నోడల్ అధికారి వుండాలి. ఉత్తరం ఆయన పేరున రిజిస్టరు పోస్టులో పంపి, అందినట్టు కార్డు దాచాం. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గనక ఇప్పుడు పంపేవాళ్లు స్పీడ్ పోస్టులోనే పంపి రశీదు దాచుకోవాలి.

అదే రోజు బాక్సులన్నీ కరెంటు నుంచి తీసేయించాం. దీని మీద కాలనీలో పెద్ద చర్చ జరిగింది. డబ్బు ఎటూ పోయింది, చూస్తే ఏం పోయిందని కొందరు. చూస్తూ వుంటే, వాడుకున్నారు గనక ఒప్పుకున్నట్టేనని కంపెనీ అంటుందని మేం. చివరికి ఆడవాళ్లే తేల్చారు, సీరియల్ పోతే పోయింది, తీసేద్దాం అని. డబ్బు తీసిన నాటి నుంచి బాక్స్ ఆపిన నాటికి 24 రోజులు. ఆ తేదీ కూడా ఉత్తరంలో రాశాం.

కంపెనీ మొదటి జవాబు రెండు వాక్యాలు. నిబంధనల ప్రకారమే జరిగింది, కావాలంటే మంచి ప్యాకుకు మారుస్తాం అని. డబ్బడిగితే ఛానెళ్లిస్తామంటున్నారు! మళ్లీ రాశాం. ఈసారి ఫారాల నకళ్లు వచ్చాయి. వాటిని సంఘం ఆఫీసులో పరిచి చూస్తే అసలు రంగు బయటపడింది. మామూలు ఫోన్లున్న మూడిళ్ల ఫారాల మీద చందాదారు ఫోను నంబరుగా వున్నది ఆ కుర్రవాడి సొంత నంబరు. కంపెనీ సమ్మతి అడిగింది అతన్నే, సమ్మతించింది అతనే, బాకీ వసూలుకు వచ్చిందీ అతనే. నెలకు ఇన్ని పొడిగింపులు చేయాలని అతని మీదా వొత్తిడి వుందట. అది నిజమే కావచ్చు. అంతమాత్రాన ఆ బాకీ కూలోళ్లది కాదు.

మిగతా ఎనిమిది ఫారాల మీద "సమ్మతి సరిచూడబడినది" అని ఇంగ్లీషులో ఒక ముక్క వుంది. ఏడాది అన్న మాట వాళ్లకు చూపించినట్టు ఎక్కడా లేదు.

ఇక ఎక్కడికి పోవాలి? చాలామంది ట్రాయ్‌కి రాస్తారు. నిబంధనలు చేసేది ట్రాయే, కానీ ఒక్కో చందాదారు తగవును విచారించి తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. ఆ పని వినియోగదారుల కమిషన్లది. దానికి ముందు 1915కి ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అది కోర్టు కాదు. ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. కొన్ని తగవులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్. 2019 చట్టం 2020 జులై నుంచి అమల్లో వుంది. అందులో మనకు పనికొచ్చే సంగతులు వున్నాయి. కంపెనీ ఆఫీసు బొంబాయిలో వున్నా ఢిల్లీలో వున్నా, ఫిర్యాదు చేసేవాళ్లు తామున్న జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఒకే బాధ వున్నవాళ్లు చాలామంది వుంటే కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకటే ఫిర్యాదు వేయవచ్చు. తగవు పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. ఒక జాగ్రత్త వుంది: ఒప్పందమే అన్యాయమైందని వాదిస్తే అది రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అందుకని మేం రాసిన ఫిర్యాదులో అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం అనే రాశాం.

ఆ ఫిర్యాదు ముసాయిదాను సెప్టెంబరులో నోడల్ అధికారికి పంపాం. ఇన్ని రోజుల్లో డబ్బు రాకపోతే జిల్లా కమిషన్‌లో వేస్తామని గడువు చెప్పాం. జవాబు రాలేదు. ఇంతలో అక్టోబరు 5న ప్రపంచకప్ క్రికెట్ మొదలైంది. కుర్రాళ్లు గోల పెట్టారు. పక్క బజారు ఇళ్ల కిటికీల దగ్గర నిలబడి చూడటం నామోషీ అన్నారు. రెండిళ్లవాళ్లు బాక్సులు మళ్లీ పెట్టేసుకుని, మా పేర్లు తీసేయండన్నారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. పట్టు విడిచింది ఇంట్లో పిల్లల కోసం. కానీ పదకొండు తొమ్మిదైందన్న సంగతి కంపెనీకి వెంటనే తెలిసిపోయింది. ఆ కుర్రవాడు మిగతా ఇళ్ల చుట్టూ తిరిగి, వాళ్లు రాజీపడ్డారు మీరూ పడండని చెప్పాడు. వారం రోజులు రోజూ రాత్రి కాలనీలో కూర్చోవలసి వచ్చింది మేం.

గడువు దాటాక 1915కి ఫిర్యాదు చేశాం. నవంబరు మధ్యలో కంపెనీ నుంచి పెద్ద ఉద్యోగి ఒకాయన ఫోను చేశాడు. ముందు ఛానెళ్ల రూపంలో సర్దుతామన్నాడు, వద్దన్నాం. తర్వాత సగం అన్నాడు, వద్దన్నాం. చివరికి చూసిన 24 రోజులకు 108 రూపాయలు పట్టుకుని, ఒక్కో ఇంటికి 1,542 రూపాయలు ఇస్తామన్నాడు. మూడిళ్ల బాకీ పూర్తిగా కొట్టేస్తామన్నాడు. ఆ 108 కూడా వదలకూడదని మాలో కొందరు. చూసినదానికి ఇవ్వడం న్యాయమే, దొంగసొత్తు మనకొద్దు అన్నారు ఆడవాళ్లు. వాళ్ల మాటే నిలిచింది. ఆరిళ్లకు డబ్బు ఖాతాలో పడింది. మూడిళ్లకు బాకీ లేనట్టు కాగితం వచ్చింది, ఈసారి తెలుగులో.

ఆ నెల 30వ తేదీనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు ఎత్తులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చందాలో చేర్చుకోవడం సులువు చేసి, బయటపడటం కష్టం చేసే చందా వల కూడా అందులో ఒకటి. మా తగవు ముగిశాక వచ్చింది. ఇప్పుడు రాసేవాళ్లు ఉత్తరంలో ఆ మాట కూడా చేర్చుకోవచ్చు.

నెలనెలా కట్టే పనిలేని డిష్ దూరదర్శన్‌ది ఒకటి వుందని, 2004 డిసెంబరు నుంచి నడుస్తున్నదని చాలా ఇళ్లవాళ్లకు తెలియదు. గొడుగు, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే చాలు. జనం కోరే తెలుగు వినోద ఛానెళ్లు అందులో పెద్దగా లేకపోవడమే దాని లోటు, అందుకే ప్రైవేటు కంపెనీల మోటారు సైకిళ్లు మన కాలనీల్లో తిరుగుతున్నాయి.

మధ్యలో విడిపోయిన ఆ రెండిళ్లకు 2024 జూన్‌లో గడువు తీరింది. వాళ్ల ఆటోపేను నెల ముందే మేం దగ్గర కూర్చుని తీసేయించాం. ఒక ఇంట్లో దూరదర్శన్ డిష్ పెట్టుకున్నారు. రెండో ఇంట్లో నెలకోసారి డబ్బున్నప్పుడు రీఛార్జి చేయించుకుంటున్నారు, లేనప్పుడు మానేస్తున్నారు.