ఊరకుండడానికి వేళ ఎక్కడిది?



కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం మార్కు సువార్త 1:35 మీద వాక్యం చెప్పాము. తెల్లవారకముందే యేసు ప్రభువు ఒంటరిగా నిర్జన స్థలానికి వెళ్లి ప్రార్థించిన సందర్భం అది. ప్రతి విశ్వాసీ పొద్దున్నే లేచి దేవునితో ఏకాంతంగా గడపాలని కాస్త గట్టిగానే హెచ్చరించాము. ఆరాధన ముగిశాక ఒక సహోదరి వచ్చింది. మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది, నర్సుగా పని చేస్తుంది.

"అయ్యగారూ, మీరు చెప్పిన ఆ వేళకి నేను వార్డులో ఉంటానండి. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పిల్లల క్యారేజీలు, మా అత్తగారి మందులు. మరి నేనెప్పుడు ఊరకుండాలి?" అని అడిగింది.

"ఒక అరగంట ముందు లేవడం అలవాటు చేసుకో అమ్మా" అన్నాము.

"లేవాలంటే ముందు పడుకోవాలి కదండీ" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ నవ్వు మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. అలసిపోయి వచ్చిన మనిషికి మేము ఇచ్చింది ఇంకొక పని. ఆమె చేయవలసిన పనుల పట్టీలో చివర ఏకాంత ప్రార్థన అని కూడా రాసి పంపించాము. ఆ తర్వాత కూర్చుని, విశ్రాంతి గురించి లేఖనం నిజంగా ఏమి చెబుతోందో మళ్లీ చదువుకోవలసి వచ్చింది.

మొదట 46వ కీర్తన. ఊరకుండుడి అనే మాట మన ఇళ్లలో వేలాడే క్రైస్తవ క్యాలెండర్ల మీద సరస్సు బొమ్మ కిందో, పూలతోట కిందో కనబడుతుంది. కీర్తన తెరిచి చూస్తే అక్కడ సరస్సు లేదు. పర్వతాలు కదులుతున్నాయి, సముద్రం ఘోషిస్తోంది, జనాలు అల్లరి చేస్తున్నాయి, విల్లు విరుగుతోంది, రథాలు కాలుతున్నాయి. అంత గందరగోళం మధ్య దేవుడు ఆ మాట పలుకుతాడు. అక్కడ వాడిన హీబ్రూ పదం రాఫా. పట్టు సడలించడం, చేతులు కిందికి వదిలేయడం అని దాని అర్థం. యుద్ధం చేస్తున్న జనాలతోనే దేవుడు ఆయుధాలు వదలమని చెబుతున్నాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అలాగైతే ఊరకుండడానికి చుట్టూ నిశ్శబ్దం ఉండాలన్న షరతు లేదు. యుద్ధం మన చేతిలో లేదని ఒప్పుకుని బిగించిన పిడికిలి విప్పడమే ఆ మాటకు లోబడడం. అది ఆస్పత్రి వార్డులోనైనా జరగవచ్చు.

ఇక ఏలీయా సంగతి. 1 రాజులు 19వ అధ్యాయం మీద మన ప్రసంగికులందరూ మాట్లాడతారు, మేమూ మాట్లాడాము. గాలి, భూకంపం, అగ్ని, ఆ తర్వాత నిమ్మళమైన స్వరం. అయితే మనం తిన్నగా హోరేబు కొండకే వెళ్లిపోతాం, దారిలో బదరీ వృక్షం దగ్గర ఆగం. ఈజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక దినప్రయాణం నడిచి, ఇక చాలు ప్రభువా చనిపోతాను అన్న ప్రవక్తకు దేవదూత ప్రసంగం చెయ్యలేదు, ఎందుకు పారిపోయి వచ్చావని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. తట్టి లేపి నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే ఊరుకున్నాడు. రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినది అని మాత్రం చెప్పాడు. నిమ్మళమైన స్వరం వినబడింది నలభై రోజుల తర్వాత. నిద్ర, తిండి, ఆ తర్వాతే స్వరం. మేమైతే ఆ సహోదరిని ఖాళీ కడుపుతో, నిద్ర లేని కళ్లతో హోరేబు ఎక్కమన్నాము.

మార్కు సువార్తలోనే ఆరవ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. వచ్చేవాళ్లు పోయేవాళ్లతో శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమని ప్రభువే పిలిచాడు. దోనె ఎక్కి వెళ్లేసరికి జనం కాలినడకన వాళ్లకంటే ముందే అక్కడికి చేరుకున్నారు! సంఘ పరిచర్య చేసే ప్రతివారికీ ఇది బాగా తెలిసిన అనుభవమే. ఆయన విసుక్కోలేదు, కాపరిలేని గొర్రెలని జాలిపడి బోధించాడు, అయిదు వేలమంది పురుషులున్న ఆ జనానికి భోజనం పెట్టాడు. తర్వాత మాత్రం తన సంగతి మరచిపోలేదు. శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపివేసి, ప్రార్థన చేయడానికి కొండకు వెళ్లాడు. అంటే ప్రభువు విశ్రాంతికి కూడా అంతరాయం కలిగింది. ఉదయం పోయిన వేళను ఆయన సాయంత్రం వెతుక్కున్నాడు. ఉదయపు ధ్యానం తప్పిపోయిందని రోజంతా నేరం చేసినట్టు తిరిగే విశ్వాసులు ఈ భాగం నెమ్మదిగా చదవాలి.

ఇంతవరకు బాగానే ఉంది. మమ్మల్ని ఎక్కువగా గద్దించింది ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం. విశ్రాంతి దినపు ఆజ్ఞ నిర్గమకాండము 20లోనూ ఉంది. అక్కడ కారణం సృష్టి: దేవుడు ఏడవ దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండములో చెప్పిన కారణం వేరు: నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, అది జ్ఞాపకముంచుకో. ఇటుకల లెక్క తగ్గకూడదు, గడ్డి మాత్రం మీరే తెచ్చుకోండి అన్న ఫరో కింద బ్రతికిన జనం వాళ్లు. అరణ్యానికి వెళ్లి దేవుణ్ణి ఆరాధిస్తాం అని అడిగితే సోమరులన్నాడు ఫరో. అలాంటి జనానికి దేవుడు ఇచ్చిన విశ్రాంతిలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి అందరికీ వాటా ఉంది. నీలాగే నీ దాసుడు, నీ దాసి విశ్రమించాలి అని ప్రత్యేకంగా చెప్పబడింది. ఆజ్ఞ ఇంటి యజమానికి. ఎదుటివాళ్లకు విశ్రాంతి దొరికేలా చూడవలసిన బాధ్యత అతనిదే.

ఇప్పుడు మన ఆదివారం చూద్దాం. ఆరాధన నుండి వచ్చాక అయ్యగారు (మేమే!) చొక్కా మార్చుకుని ఫ్యాను కింద కూర్చుంటారు. అమ్మగారు అదే చీరతో వంటింట్లోకి వెళతారు. ఆదివారం కాబట్టి కోడికూర, కోడికూర కాబట్టి మసాలా నూరడం, చుట్టాలు వస్తే ఇంకో రెండు గిద్దెల బియ్యం. మూడు గంటలకు స్త్రీల కూడిక. అందులో మరియలాగా ప్రభువు పాదాల దగ్గర కూర్చోవాలని, మార్తలాగా తొందరపడకూడదని సందేశం. వంట చేయించుకుని తిని, ఆ సందేశం ఇవ్వడానికి వెళ్లినవాళ్లలో మేమూ ఉన్నాము. ఇంట్లో భర్త రెండు గంటలు వంట, పిల్లలు చూసుకుంటే ఆ ఇల్లాలికి ఏకాంతం దొరుకుతుంది. చూసుకోకపోతే ఏ ప్రసంగమూ దాన్ని తెచ్చి పెట్టలేదు.

సంఘంగా మన పరిస్థితీ అంతే. ఉదయం ఆరాధన, మధ్యాహ్నం కూడిక, సాయంత్రం యవ్వనస్తులు, మంగళవారం కాటేజ్ మీటింగ్, శుక్రవారం ఉపవాస ప్రార్థన. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ వీటన్నిటిలో కలిపి ఒక్క నిమిషం నిశ్శబ్దం ఉండదు. కీర్తనల గ్రంథంలో సెలా అనే మాట 71 సార్లు వస్తుంది. దాని అర్థంపై పండితులకు ఏకాభిప్రాయం లేకపోయినా, అక్కడ ఆగమని సూచనగా చాలామంది భావిస్తారు. ఉత్తర ప్రత్యుత్తర పఠనంలో మనం ఆ మాటను కూడా పరుగున చదివేస్తాం.

ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు మౌనంగా ఉందామని మా సంఘంలో మొదలుపెట్టాము. మొదటి వారం ముప్పై సెకన్లు గడవకముందే కీబోర్డు వాయించే తమ్ముడు మేము పాట మరచిపోయామనుకుని మెల్లగా స్వరం అందుకున్నాడు. రెండవ వారం ఒక పెద్దాయన ఉండబట్టలేక "స్తోత్రం" అని మొదలుపెట్టారు. ఇది అన్యుల ధ్యానంలా ఉందేమో అని ఒకరు ఫోన్ చేసి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ధ్యానించడం అనే మాట మన బైబిలులో మొదటి కీర్తనలోనే ఉంది. సాయంకాలం పొలంలో ధ్యానించడానికి వెళ్లిన ఇస్సాకు ఆదికాండము 24లో ఉన్నాడు. మనస్సును ఖాళీ చేసుకోవడం మన ఉద్దేశం కాదు. మాట్లాడిన దేవుని యెదుట ఆయన మాట పట్టుకుని కాసేపు ఉండడమే. మూడే వచనాలున్న 131వ కీర్తన చదవండి. పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఎలా ఉంటుందో చూడండి. ఏమీ అడగదు, ఉంటుంది, అంతే.

మౌనంలో కొందరికి కన్నీళ్లు వస్తున్నాయి. ఇంతకాలం పాటల కింద దాచిన దుఃఖాలు, క్షమించని సంగతులు పైకి వస్తాయి. భయపడవద్దు, వాటిని అక్కడే ఆయనకు చెప్పండి. కాపరులు మాత్రం అలాంటివారితో తర్వాత విడిగా మాట్లాడాలి.

పనిలోనే ఉండేవారి కోసం ఒక మనిషిని గుర్తుచేస్తాము. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్యే దేవుని సన్నిధిని అభ్యసించిన మనిషి. మఠంలో అతనికి పిల్లల క్యారేజీలు లేవన్నది నిజమే. అయినా బస్సులో నిలబడి, పొయ్యి దగ్గర, రోగి పక్కన ఒక్క వాక్యంతో దేవుని వైపు తిరగడం అతని దగ్గర నేర్చుకోవచ్చు.

మా పెద్దల సభ ఒక తీర్మానం చేసింది. నెలలో నాలుగవ ఆదివారం ఉదయ ఆరాధన తర్వాత ఏ కూడికా ఉండదు, ఆ రోజు వంట పురుషులది. కూర మాడిందని రెండు ఇళ్ల నుండి కబురు వచ్చింది.

మొన్న ఆదివారం ఆ నర్సు సహోదరి డ్యూటీ దిగి నేరుగా ఆరాధనకు వచ్చింది. పిల్లల్ని భర్త సండే స్కూలుకు తీసుకెళ్లాడు. ప్రసంగం సగంలో ఆమె గోడకు ఆనుకుని నిద్రపోయింది. వాలంటీరు అమ్మాయి తట్టి లేపబోతుంటే పుల్పిట్ మీద నుండే వద్దని చెయ్యి ఊపాము.