తరువాయి 47వ పేజీలో

మా చిన్నతనంలో, అంటే 1980ల చివరి సంవత్సరాలలో, మా వూళ్లో పొద్దు పొడవడం వేరు, తెల్లవారడం వేరు. పొద్దు దాని వేళకు అది పొడిచేది. తెల్లవారడం మాత్రం పేపరు వచ్చిన తర్వాతే.

మాది రాజోలు తాలూకా. కోనసీమకు అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన సముద్రం. రైలు ఈనాటికీ లేదు. చించినాడ దగ్గర వంతెన కూడా అప్పటికి పడలేదు. పేపరు కట్టలు నరసాపురం నుంచి పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవులో దిగేవి. అక్కడినుంచి సైకిలు. మా తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని, కంఠంలో కోపం లేకుండా, కనుబొమలలో మాత్రం వుంచుకుని అడిగేవారు:

"ఏమయ్యా, యీ వేళప్పుడా?"

"ఆయ్, మంచండి. పంటు కదల్లేదండి."

ఆ జవాబుతో పేపరు చేతిలో పడేది. పడిన మరుక్షణం నాలుగు ముక్కలయ్యేది. అంబాజీపేటలో కొబ్బరి ధర వున్న కాగితం తాతయ్యది. సంపాదకీయం నాన్నగారిది. సినిమా ప్రకటనలు చూసీ చూడనట్టు చూసే హక్కు మా అమ్మది. బొమ్మల కథ వున్న కాగితం నాదీ, మా చెల్లిదీ. ఇద్దరం దాన్ని నేలమీద పరిచి, ఒకేసారి చదివి, ఒకేసారి ఆపాలి. అది ఒప్పందం. చెల్లి కూడబలుక్కుని చదివేది గనుక మూడు గడులకు పది నిమిషాలు పట్టేది.

ఆ మూడు గడులలో ఎంత జరుగుతుంది? మొదటి గడిలో వీరుడు కొండ అంచు పట్టుకుని వేళ్లాడతాడు. రెండో గడిలో రాయి కదులుతుంది. మూడో గడిలో అతడు "ఆ!" అంటాడు. అంతే. రేపు చూసుకోవాలి. ఒక్కొక్కప్పుడు వారం రోజులు కొండకు వేళ్లాడేవాడు పాపం. మేము అన్నాలు తినేవాళ్లం, బడికి పోయేవాళ్లం, చవితికి పత్రి కోసుకొచ్చేవాళ్లం. అతడు మాత్రం అక్కడే.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు చాలా రోజులు పేపరే లేదు. నేను మరీ చిన్నవాణ్ణి. లంకలన్నీ నీట మునిగి జనం గట్ల మీద వుంటే, నాకు కొండ మీద వేళ్లాడే మనిషి బెంగ! నీళ్లు తీశాక పాత పేపర్లన్నీ ఒకే కట్టగా వచ్చాయి. అన్నయ్యల చేత అన్ని రోజుల బొమ్మలూ వరసన చదివించుకున్నాను. ఏమీ రుచించలేదు. నెలరోజుల పాలకోవా ఒక్కసారి తినిపించినట్టయింది.

ఈ బొమ్మల కథలు మన దేశం సొత్తేమీ కాదు. 1890లలో న్యూయార్కు పత్రికలు ఆదివారం అమ్మకాల కోసం పోటీపడి రంగుల బొమ్మలు వేయడంతో యీ వ్యవహారం వూపందుకుంది. లీ ఫాక్ అనే అమెరికా రచయిత 1934లో మాండ్రేక్ అనే ఇంద్రజాలికుణ్ణి, 1936లో ఫాంటమ్ అనే ముసుగు వీరుణ్ణి దినపత్రికలలోకి దింపాడు. 1999లో చనిపోయేవరకు వాళ్లకు కథలు కడుతూనే వున్నాడు. బొమ్మలు అక్కడినుంచి దేశదేశాల పత్రికలకు వెళ్లేవి. బుడగలలో మాటలు మాత్రం ఎవరి భాషలో వారు నింపుకోవాలి.

ఇక్కడ వుంది చిక్కు. అది ఇంగ్లీషు అక్షరాల కొలతకు గీసిన బుడగ. మన అక్షరానికి నెత్తిన గుడి, కాళ్లకింద ఒత్తు. వాళ్లకు రెండు వరుసలు పట్టేచోట మనకు ఒకటే పడుతుంది. కనుక అనువాదకుడు పొదుపరి కాక తప్పదు. "శత్రువులు మనలను నలువైపులా చుట్టుముట్టినట్లున్నారు" అనడానికి చోటు చాలక "చిక్కాం!" అని వూరుకోవాలి. తెలుగు పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి గనుక ఒప్పుకుంటున్నాను: క్లుప్తత అంటే ఏమిటో అలంకారశాస్త్రం కంటే ముందు నాకా బుడగలే చెప్పాయి.

గీసేవాడు కూడా తెలుగువాడైతే యీ తంటా లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారుడు సుబ్బరాయశాస్త్రి, లోకానికి బుజ్జాయి, ఆ పని చేశారు. బడిచదువు లేకుండా తండ్రి వెంట తిరుగుతూ పెరిగిన ఆయన ఆంధ్రప్రభ వారపత్రికలో డుంబును సృష్టించారు. ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా నడిపారు. తండ్రి పేరు తెలిసినంతగా కొడుకు పేరు మా విద్యార్థులకు తెలియదు. 2012లో ఆయన పోయినప్పుడు క్లాసులో చెబితే, ఎవరాయన అన్నట్టు చూశారు. తప్పు వాళ్లది కాదు. పద్యం పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది. బొమ్మల కథ పొట్లంలోకి దిగుతుంది.

పొట్లమంటే జ్ఞాపకం వచ్చింది. బజ్జీల పొట్లం విప్పి, నూనె మరకల్లోంచి కథ చదివినవాళ్లు నాతోపాటు ఎందరో వుంటారు. కథకు ముందూ వుండదు, వెనకా వుండదు.

మా మామ్మది మరో పద్ధతి. ఆమె ఏ కాగితాన్నీ పొట్లం కానిచ్చేది కాదు. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు వస్తున్న రోజులకు ఆమె కొత్త కోడలు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారి రాత, నరసాపురంలో పుట్టిన బాపుగారి గీత. గోదావరి చీలేచోట ఒకరు, సముద్రంలో కలవబోయేచోట ఒకరు. అందుచేత మామ్మ లెక్కలో బుడుగు మా యింటి పక్క పిల్లవాడే. వారం వారం ఆ కాగితం జాగ్రత్తగా చించి, దబ్బనంతో పురికొస కుట్టి, కలంకారీ గుడ్డముక్కతో అట్ట వేసి బైండు చేసింది. తాతయ్య వారపత్రిక చదవబోయేసరికి మధ్యలో పేజీ వుండేది కాదట!

ఆ బైండులో బుడుగు మాకు కంఠతా వచ్చింది. అప్పుడు కాగితాల వెనకవైపు చదవడం మొదలుపెట్టాం. ఒక కాగితం వెనక ఏదో కథ నడుమ భాగం వుండేది. పేరు లేదు, రాసినవారెవరో లేదు. వర్షం రాత్రి, ఒంటరి ముసలమ్మ, ఎవరో తలుపు తడతారు. ఆమె దీపం పుచ్చుకుని వెళ్లి గడియ తీస్తుంది. దాని కింద: "తరువాయి 47వ పేజీలో".

47వ పేజీ మాకెక్కడిది? తలుపు తట్టినవాడు దొంగ అని నేను. తప్పిపోయిన కొడుకు అని చెల్లి. "అల్లుడు. పండక్కి పిలవలేదని అలిగి, ఆకలేసి వచ్చాడు" అని మామ్మ. ప్రతి వేసవిలోనూ యీ తగవు జరిగేది.

1991లో ఆంధ్రపత్రిక నిలిచిపోయింది. 1914 నుంచి దినపత్రికగా నడిచిన పత్రిక. నాన్నగారు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో, ఆ చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా పోయారు. తోటలకు తోటలు నేలకూలాయి. మా పెంకుటింటి కప్పు లేచిపోయి, అటక మీది పెట్టె నిండా నీళ్లు నిలిచాయి. మామ్మ బైండును ఎండలో పెట్టింది గాని, కాగితాలు అప్పచ్చిలా అంటుకుపోయాయి. వేలితో తీయబోతే బొమ్మ వేలికే వచ్చేది. "మనుషులం మిగిలాం, చాల్లే" అంది. తర్వాత ఆమె బుడుగు మాట ఎత్తగా నేను వినలేదు. 2003లో వెళ్లిపోయింది.

బుడుగు పోలేదు. పుస్తకంగా ఎన్నిసార్లు అచ్చయిందో! కాని పుస్తకంలో కాగితం వెనకవైపు వుండదు కదా.

వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికలను కంటికి రెప్పలా కాచాయి. ప్రెస్ అకాడమీ వారు ఎన్నింటినో కంప్యూటరులోకి ఎక్కించారు. ఏళ్ల తరబడి, పని వున్నప్పుడూ లేనప్పుడూ, నేను పాత సంచికలు తిరగేస్తూనే వున్నాను. నిరుడు ఒక పాత గ్రంథాలయంలో, పేరెందుకు లెండి, బూజుపట్టిన సంపుటం ఒకటి తెరిస్తే వర్షం రాత్రి, ముసలమ్మ కనిపించారు. చేతులు వణికాయి. పేజీ తిప్పాను. తర్వాతి కాగితం లేదు! ఎవరో అంచు వెంబడి శుభ్రంగా చించుకుపోయారు. మా మామ్మలాంటి ఆవిడే ఎవరో, బుడుగు కోసం.

నవ్వుకున్నాను. ఆ నడుమ భాగం నాకు నోటికి వచ్చును గదా. వేలితో పేజీలు లెక్కపెట్టుకుంటూ 47కి వెళ్లాను. వుంది. నాలుగే పేరాలు. తలుపు తట్టినవాడు దొంగా కాదు, కొడుకూ కాదు, అల్లుడూ కాదు. పాలవాడు. పొద్దున వర్షానికి గోదావరి పొంగి రేవు దాటలేనేమోనని ముందు రాత్రే పాలు తెచ్చాడు.

బయటికి వచ్చి చెల్లికి ఫోను చేశాను. ఆమె హైదరాబాదులో వుంటుంది. చెప్పిందంతా విని కాసేపు వూరుకుంది.

"అన్నయ్యా, మామ్మయితే ఒప్పుకునేది కాదు" అంది.