మంద బలం పోతులోనే
మేకల్లో పుట్టుకతో వచ్చే రోగ నిరోధం

చెరకు, వరి పండే రెంజల్ ప్రాంతంలో పొలం లేని ఇంటికి మేకే ఆస్తి. బిడ్డ పెళ్లి వచ్చినా, ఆసుపత్రి ఖర్చు వచ్చినా ముందు సంతకు పోయేది మేకపోతే. దానిని తోలే ముందు కాపరులు ఒక్క మాట ఆలోచించాలి. రోగాన్ని తట్టుకునే గుణం పిల్లలకు సగం పోతు నుంచే వస్తుంది. ఈ సంగతిని స్క్రేపీ అనే జబ్బు స్పష్టంగా చూపింది.

మందులేని జబ్బు

స్క్రేపీ గొర్రెలకు, మేకలకు వచ్చే మెదడు జబ్బు. ఐరోపాలో రెండున్నర శతాబ్దాలకు పైగా దీనిని ఎరుగుదురు. సోకిన జీవం గోడలకు, చెట్లకు ఒళ్లు రాసుకుంటుంది. వణుకుతుంది, నడక తడబడుతుంది, చివరకు చిక్కి చనిపోతుంది. టీకా లేదు, మందు లేదు. సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. మన దేశంలో హిమాలయాల దిగువ ప్రాంతపు గొర్రెల్లో ఈ జబ్బు కనిపించినట్లు 1961లో ప్రకటించారు.

దీనికి కారణం సూక్ష్మక్రిమి కాదు. ఒంట్లో సహజంగా ఉండే ఒక మాంసకృత్తి ఆకారం చెడి, పక్కనున్న మంచివాటిని కూడా తనలాగే చెడగొడుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి ప్రియాన్ అని పేరు పెట్టారు. ఆయనకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్లలో మరిగించినా ఇది నశించదు. ఈనినప్పుడు పడే మావి ద్వారా మందకు పాకుతుంది. నేలలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది.

తట్టుకున్న మేకలు

అయితే రోగమున్న దొడ్డిలోనే కొన్ని మేకలు నిక్షేపంగా ఉన్నాయి. కారణం వెతికితే ఆ మాంసకృత్తిలోనే తేడా కనిపించింది. దానిని పూసల దండ అనుకుంటే, 222వ పూస గాని, 146వ పూస గాని వేరే రకమైతే ఆ దండ సులభంగా వంకర తిరగదు. మొదటి రకం ఇటలీ మేకల్లో, రెండవది సైప్రస్ మేకల్లో కనిపించాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో ఈ రెండు మార్పులూ రక్షణ ఇస్తాయని నిర్ధారించింది. గొర్రెల విషయంలో బ్రిటన్ 2001 నుంచే పొట్టేళ్లను పరీక్షించి ఎంచుకున్నది.

ఈ గుణం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తుంది. రెండు పాళ్లూ ఉన్న పోతు దానిని తన పిల్లలన్నింటికీ ఇస్తుంది. ఒక పాలే ఉంటే దాదాపు సగం పిల్లలకు అందుతుంది. మేక ఈతకు ఒకటి రెండు పిల్లలనే కంటుంది. పోతు మాత్రం ఏడాదిలో పదుల కొద్దీ పిల్లలకు తండ్రి అవుతుంది. ఎంపికలో పోతుకు అంత ప్రాధాన్యం అందుకే.

కాపరులు చేయవలసినది

మేక ఒళ్లు గోక్కున్నంత మాత్రాన స్క్రేపీ అని భయపడనక్కరలేదు. గజ్జి, పేలు అందుకు సాధారణ కారణాలు. పశువైద్యునికి చూపించాలి. ఈ నిరోధ గుణం పారుడు రోగాన్ని ఆపదు. దానికి టీకా వేయించవలసిందే.

బలమైన పోతును దసరాకో, బక్రీదుకో అమ్మి, అమ్ముడుపోని దానిని మందలో వదిలితే ఆ బలహీనతే పిల్లలకు దిగుతుంది. రోగాలు తిరిగిన ఏట కూడా నిలిచిన మేకల పిల్లల్లోంచి పోతును ఎంచాలి. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోగా పోతును మార్చాలి. కందకుర్తి వంతెన దాటి మహారాష్ట్ర నుంచి జీవాలను తెస్తే మూడు వారాలు విడిగా కట్టాలి. మావిని కుక్కల పాలు చేయక లోతుగా పాతిపెట్టాలి.

అమ్మిన పోతు ఒక్కసారే డబ్బు ఇస్తుంది. మందలో నిలిపిన మంచి పోతు ఫలితం ప్రతి ఈతలోనూ కనిపిస్తుంది.